నక్క సాయా

ఎండ కాస్తుండగానే వాన కురిస్తే నక్కకు పెళ్ళవుతోందని మన గల్లీ పిల్లలు గంతులేస్తారు. తెలుగు పిల్లలు ఆ పెళ్ళిలోకి కుక్కను కూడా లాక్కొస్తారు. ఉత్తరాది ఉర్దూ, హిందీ ఇళ్ళల్లో ఇదే గీదడ్ కీ షాదీ. జపాన్‌లో కూడా అచ్చం ఇదే మాట ఉంది. అక్కడ ఆ వాన పేరు 'కిత్సునె నో యొమెఇరి'. కిత్సునె అంటే నక్క. యొమెఇరి అంటే పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళడం. మన రుఖ్సతీ అన్నమాట. అకిరా కురొసావా 1990లో తీసిన 'డ్రీమ్స్' సినిమా ఈ వానతోనే మొదలవుతుంది. ఇట్లాంటి వానలో నక్కలు పెళ్ళి చేసుకుంటాయి, మనుషులు చూస్తే వాటికి గుస్సా వస్తుంది, బయటికి పోవద్దు అని అమ్మ చెప్తుంది. పిల్లాడు వింటాడా? పోయి చెట్టు చాటున నిలబడి బరాత్ మొత్తం చూస్తాడు.

ఈ సంగతులు మా ఇంటికి పోస్టు కార్డుల మీద వచ్చాయి. నా భాంజీ మూడేళ్ళుగా ఒసాకాలో నౌకరీ చేస్తోంది. వీడియో కాల్‌లో రోజూ కనిపిస్తుంది. అయినా నెలకో, రెండు నెలలకో వాళ్ళ నానీకి, అంటే మా అమ్మీకి, చేత్తో బొమ్మ వేసిన కార్డు ఒకటి పంపుతుంది. అమ్మీకి ఉర్దూ తప్ప ఇంకో లిపి రాదు. కాబట్టి బొమ్మ పక్కన రెండు ముక్కలు ఉర్దూలోనే ఉంటాయి. అమ్మీ వాటిని చదివి కళ్ళకు అద్దుకుని, ఖురాన్ షరీఫ్ పెట్టే అల్మారాలో కింది అరలో దాచుకుంటుంది.

ఈ కార్డులను జపాన్‌లో 'ఎతెగామి' అంటారు. 'ఎ' అంటే బొమ్మ, 'తెగామి' అంటే ఉత్తరం. కొయికె కునియో అనే ఆయన దీన్ని ఒక హునర్‌గా జనంలోకి తెచ్చాడు. 1941లో పుట్టినాయన. యువకుడిగా ఉన్నప్పుడే దోస్తులకు బొమ్మల ఉత్తరాలు రాసేవాడు. చూసినవాళ్ళు మేమూ వేస్తామన్నారు. అట్లా ఊరూరా ఎతెగామి జమాత్‌లు తయారయ్యాయి. మా పిల్ల కూడా వాళ్ళ మొహల్లాలోని కమ్యూనిటీ హాల్లో, ఎక్కువగా నానీ వయసువాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకుంది.

ఇందులో ఉసూల్ ఏమిటంటే, బాగా వేయాల్సిన అవసరం లేదు. వంకరగా వస్తే రానీ, వంకరగా ఉంటేనే మంచిది అంటారు. కుంచెను మనం కలం పట్టుకున్నట్టు కింద పట్టుకోరు. పై కొనను వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని, మోచెయ్యి ఎత్తి, చీమ నడిచినంత నెమ్మదిగా గీత గీస్తారు. అట్లా పట్టుకుంటే ఎంత ఉస్తాద్‌కైనా చెయ్యి వణుకుతుంది. ఆ వణుకే కావాలి. కాగజ్ కూడా నీళ్ళు తాగేసే రకం. రంగు పెట్టగానే పాకిపోతుంది, చెరిపి మళ్ళీ వేయడం కుదరదు. నల్ల సియాహీతో గీత, పైన రెండు మూడు రంగులు, పక్కన ఒక చిన్న మాట, చివర ఎర్ర ముహర్. ఆ ముహర్‌ను చాలామంది పెన్సిల్ రబ్బరు మీద చెక్కుకుంటారు. మా పిల్ల తన పేరులోని మొదటి ఉర్దూ హర్ఫ్ చెక్కుకుంది. ఆఖరికి కార్డును తపాలాలో వేయాలి. వేయకపోతే అది ఎతెగామి కాదు, ఒట్టి బొమ్మే.

చిన్నప్పుడు మదర్సాలో తఖ్తీ మీద ఖుష్‌ఖతీ నేర్చుకున్నవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మనకు అలిఫ్ నిటారుగా నిలబడాలి. నూన్ కడుపు గుండ్రంగా రావాలి. నుఖ్తా కొలత ప్రకారం పడాలి. ఖత్తాత్ చేతిలో సొంత వణుకు కనిపించకూడదు. ఎతెగామిలో ఆ వణుకు చూసే ఇది ఫలానావాళ్ళ చెయ్యి అని గుర్తుపడతారు. రెండూ హునర్‌లే. ఒకటి అల్లాహ్ కలాం రాయడానికి పెరిగింది, ఇంకోటి దోస్తును పలకరించడానికి.

మొదట్లో ఆమె వంకాయలు, మిరపకాయలు, ఖర్బూజా ముక్కలు వేసి పంపింది. తర్వాత నక్కలు మొదలయ్యాయి. అవి మన పొలాల దగ్గర రాత్రుళ్ళు ఊళలేసే నక్కలు కావు. ఉర్దూలో లోమ్‌డీ అంటామే, అది. ఎర్ర మట్టి రంగు ఒళ్ళు, తెల్లటి కొసతో ఒత్తైన తోక. అయితే ఏ కార్డులోనూ నక్క ముఖం ఉండదు. అన్నీ వెనక నుంచే. రెండు చెవులు, ఒక తోక, మంచులో అడుగుల వరస. జాన్‌దార్ తస్వీర్ వేయొచ్చా, వేయకూడదా అని మనలో ఎంత బహస్ ఉందో మీకు తెలుసు. ఆలిముల్లో కూడా ఒకే రాయ్ లేదు. ఆ పిల్ల ఎవరినీ ఫత్వా అడగలేదు. ముఖం వేయకుండా వెనక్కి తిప్పేసింది. తన దిల్‌కు తసల్లీ అయ్యే దారి తను చూసుకుంది.

అమ్మీకి మాత్రం ఒక ఫికర్ పట్టుకుంది. "అరె, వహాఁ కే లోగాఁ ఇస్ కో పూజ్‌తే కతే, సచ్ హై క్యా?" అని అడిగింది. అక్కడివాళ్ళు దీన్ని పూజిస్తారట, నిజమేనా అని. పూజించే జంతువు బొమ్మ ఖురాన్ షరీఫ్ ఉన్న అల్మారాలోనా అని ఆమె బాధ. నేను తెలుసుకున్నది చెప్పాను. జపాన్‌లో ఇనారి అనే దేవత ఉంది. వరి పంటకు, వ్యాపారంలో బర్కత్‌కు జనం ఆమెకు మొక్కుతారు. నక్క ఆ దేవత కాదు, ఆమె దగ్గరి ఖాసిద్, అంటే మాట మోసే హర్కారా. క్యోతోలోని ఫుషిమి ఇనారి గుడి 711లో మొదలైందని వాళ్ళ రివాయత్. కొండ మీదికి వేల ఎర్ర తోరణాల కింద నుంచి దారి పోతుంది. ప్రతి తోరణం వెనక దాన్ని ఇచ్చినవాళ్ళ పేరు, తారీఖు రాసి ఉంటాయి. దారి పొడుగునా రాతి నక్కలు కూర్చుని ఉంటాయి. ఒకదాని నోట్లో ధాన్యపు కొట్టు తాళంచెవి, ఇంకోదాని నోట్లో కాగజ్ చుట్ట, మరోదాని నోట్లో వరి కంకి. నక్కే ఎందుకు అంటే, ధాన్యం తినే ఎలుకలను నక్క పట్టేది, రైతుకు దాని మీద ప్యార్ పుట్టింది అని ఒక వివరణ చెప్తారు.

నక్కకు వేయించిన సోయా పనీర్ అంటే ప్రాణమట. అందుకే ఆ వేపుడు ముక్క వేసిన నూడుల్స్ గిన్నెను కిత్సునె ఉదోన్ అంటారు. మా పిల్ల హోటల్లో తినదు, రసంలో సారా కలిపిన మసాలా ఏదైనా పడి ఉంటుందేమోనని. ఇంట్లో తానే వండుకుంటుంది.

అంతా విని అమ్మీ కాసేపు ఆలోచించింది. ఆఖరికి కార్డులను పై గదిలోని ట్రంకులోకి మార్చింది. చింపేయలేదు. ఇబాదత్ వేరు, హికాయత్ వేరు అని ఆమె ఫైసలా. నాకు ఆ ఫైసలా నచ్చింది. ఇంకొకరి దేవుణ్ణి మనం మొక్కనక్కరలేదు. ఇంకొకరి ఖిస్సా వింటే మాత్రం మన ఈమాన్‌కు ఏం కాదు.

ఖిస్సాలంటే జపాన్ నక్కలవి చాలా ఉన్నాయి. ఎక్కువ వాటిలో నక్క ఆడమనిషి రూపంలో వస్తుంది. తొమ్మిదో శతాబ్దం మొదట్లో క్యోకాయ్ అనే బౌద్ధ సన్యాసి కూర్చిన 'నిహోన్ ర్యోయికి'లో మినో ప్రాంతపు కథ ఒకటుంది. ఒకతను దారిలో కలిసిన ఆడమనిషిని పెళ్ళాడతాడు. కొడుకు పుడతాడు. ఇంట్లోని కుక్కపిల్లకు ఆమెను చూస్తే పడదు. ఒకరోజు అది మొరుగుతూ మీదికి దూకితే ఆమె భయపడి, నక్కగా మారి కంచె ఎక్కి కూర్చుంటుంది. మొగుడు కర్ర తీసుకోడు. మన మధ్య బిడ్డ ఉన్నాడు, నిన్ను నేను మరిచిపోను, వచ్చి పడుకుని పోతూ ఉండు అంటాడు. 'వచ్చి పడుకో' అనే ఆ మాట నుంచే కిత్సునె అనే పేరు పుట్టిందని ఆ పుస్తకం చెప్తుంది. పేరు సంగతి పండితులు చూసుకుంటారు. నాకు నచ్చింది ఆ మొగుడు. భార్య అసలు రూపం తెలిసిన గడియలో అతని నోటి నుంచి తలాఖ్ రాలేదు.

ఇంకోటి కుజునొహ కథ. దీన్ని 1734లో తకెదా ఇజుమో ఒసాకా బొమ్మలాటకు నాటకంగా రాశాడు. తర్వాత అది కబుకి రంగస్థలం మీదికి ఎక్కింది. అబె నో యసునా అనే యువకుడు షినొదా అడవిలో వేటగాళ్ళ చేతి నుంచి ఒక తెల్ల నక్కను కాపాడతాడు. అందులో తనకు గాయాలవుతాయి. కుజునొహ అనే అమ్మాయి వచ్చి తిమార్‌దారీ చేస్తుంది. పెళ్ళవుతుంది, కొడుకు పుడతాడు. పిల్లాడికి ఐదేళ్ళు వచ్చాక అసలు కుజునొహ, అంటే ఆ పేరున్న నిజం మనిషి, తల్లిదండ్రులతో గుమ్మంలోకి వస్తుంది. ఇన్నాళ్ళూ ఇల్లు నడిపినది ఆ తెల్ల నక్క, ఎహ్సాన్ తీర్చుకోవడానికి వచ్చినది. ఇక ఉండలేదు. నిద్రపోతున్న బిడ్డను చూసుకుని, కాగజ్ అంటించిన తలుపు మీద వీడ్కోలు రాసి అడవికి పోతుంది.

ఆ రాసే ఘట్టం చూడటానికే కబుకికి జనం పోతారు. చంకలో బిడ్డ ఏడుస్తుంటాడు. నటుడు కుడి చేత్తో కొంత, ఎడమ చేత్తో కొంత, ఆఖరికి కుంచెను నోట కరుచుకుని రాస్తాడు. కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి. రాసింది మనిషి కాదని చెప్పే గుర్తు అది. నా భాంజీ దీని గురించి రాస్తూ ఒక మాట అంది. మా ఎతెగామి తరగతిలో అందరి రాతా ఇట్లాగే ఉంటుంది మామూ, ఈ లెక్కన మేమంతా నక్కలమే.

ఇదే సంగతిని యొషితొషి అనే చిత్రకారుడు 1890లో చెక్క అచ్చు బొమ్మగా వేశాడు. కుజునొహ గడప దాటుతోంది. పిల్లాడు కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఆమె తల కాగజ్ తలుపు అవతల ఉంది, అందుకని దాని నీడే మనకు కనపడుతుంది. ఆ నీడ నక్క తల. మిగతాదంతా అమ్మ. మా పిల్ల పిల్లాణ్ణీ ఆడమనిషినీ వదిలేసి ఒట్టి తలుపు, దాని మీద ఆ నీడ మాత్రం వేసి కార్డు పంపింది. కింద ఉర్దూలో ఒకటే మాట: 'సాయా'.

మన ఇళ్ళల్లో ఆ మాటకు రెండు మానీలు. సాయా అంటే నీడ. బడేబుజుర్గ్‌ల సాయా మన తల మీద ఉండాలని దువా చేస్తాం. ఫలానా ఆమె మీద సాయా ఉంది అంటే మాత్రం జిన్ పట్టిందని. గొంతు తగ్గించి చెప్తారు ఆ మాట.

మా ఫుప్పూ మీద ఆ మాట పడింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. రెండో కాన్పు తర్వాత ఉన్నట్టుండి పడిపోయేది. కళ్ళు పైకి తేలిపోయి, పళ్ళు బిగుసుకుని, నోట నురగ. ఆమిల్‌లు వచ్చారు. తావీజ్‌లు కట్టారు. ఎండు మిరపకాయల పొగ పెట్టి, ఎవరు నువ్వు, పేరు చెప్పు అని అడిగారు. దగ్గుతో ఊపిరాడక ఆమె ఏం చెప్తుంది? రెండేళ్ళ తర్వాత అబ్బా ఆమెను సర్కారీ దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టర్ మిర్గీ అన్నాడు. గోలీలు రాసిచ్చాడు. అవి వేసుకుంటూ పోయాక పడిపోవడం ఆగిపోయింది. మాట మాత్రం ఆగలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె కూతురికి వచ్చిన రెండు రిష్తాలు అదే మాట మీద వెనక్కి పోయాయి. తల్లి మీద సాయా ఉండేదట కదా, పిల్లకు అంటలేదని ఏం గ్యారంటీ? ఆఖరికి మా ఊరి కబుర్లు చేరని దూరంలో ఆ పిల్ల పెళ్ళయింది.

ఇది మన గల్లీల జబ్బే అనుకునేవాణ్ణి. జపాన్‌లో దీనికి పేరే ఉంది. నక్క పట్టడాన్ని 'కిత్సునె-త్సుకి' అంటారు. తోక్యోలో డాక్టర్లకు చదువు చెప్పిన జర్మన్ వైద్యుడు ఎర్విన్ బెల్జ్ 1880ల్లోనే అట్లాంటి వాళ్ళను పరీక్షించి, ఇది జబ్బు అని రాశాడు. ఇంకా బాధపెట్టేది 'కిత్సునె-మొచి'. అంటే నక్కలను పెంచే ఖాందాన్. ఇజుమో ప్రాంతంలో కొన్ని ఇళ్ళకు ఈ ముద్ర పడింది. వాళ్ళింట్లో కనపడని నక్కలు ఉంటాయి, పగబట్టినవాళ్ళ మీదికి పంపుతారు, ఆ ఇంటి పిల్లను చేసుకుంటే నక్కలూ ఆమె వెంటే వస్తాయి అని ఊరు నమ్మేది. లఫ్కాదియో హెర్న్ అనే రచయిత 1890లో అక్కడి మత్సుఎ పట్నంలో ఉండి, 1894లో వచ్చిన తన పుస్తకంలో దీని మీద ఒక పూర్తి అధ్యాయం రాశాడు. ఆ ఇళ్ళ ఆడపిల్లలు ఎంత అందంగా ఉన్నా, ఎంత ఆస్తి ఉన్నా ఊళ్ళో సంబంధాలు దొరకడం ఎంత కష్టమో అందులో ఉంది. ఈ ముద్ర ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం పెళ్ళిళ్ళు చెడగొట్టింది. తర్వాత వెతికి చూసినవాళ్ళు ఇంకో మాట చెప్పారు. ఈ ముద్ర ఎక్కువగా కొత్తగా ఊరికొచ్చి తొందరగా బాగుపడిన ఇళ్ళ మీద పడిందట. నక్క ఆ ఇంట్లో లేదు, పక్కింటి హసద్‌లో ఉంది.

ఒకే ముల్క్‌లో రెండూ ఉన్నాయి చూడండి. రంగస్థలం మీద నక్క తల్లి బిడ్డను వదిలి పోతుంటే జనం కళ్ళు తుడుచుకుంటారు. అదే జనం ఇంటికొచ్చాక నక్క ముద్ర పడిన ఇంటి పిల్లను కోడలిగా వద్దంటారు. మనం మాత్రం వేరా? జిన్నాత్ ఉన్నారని ఖురాన్ చెప్తుంది. అది మన ఈమాన్. కానీ ఫలానా ఇంట్లో, ఫలానా ఆడమనిషి ఒంట్లో ఉన్నారని చెప్పింది ఖురాన్ కాదు, గల్లీ. గుమాన్ నుంచి, గీబత్ నుంచి దూరంగా ఉండమని సూరె హుజురాత్ హెచ్చరిస్తుంది. ఆ ఆయత్‌లు మనకు నోటికి వచ్చు. రిష్తా తెహ్‌ఖీఖాత్‌కు పోయినప్పుడు మాత్రం గుర్తు రావు.

పోయిన నెల ఫుప్పూ మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మీ ట్రంకు తెరిచి కార్డులన్నీ చూపించింది. ఫుప్పూకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ సాయా కార్డును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. నేను కథ చెప్పాను.

"తల్లి పోయిందా? మరి ఆ పిల్లాడు ఏమయ్యాడు?" అంది.

ఏమయ్యాడో తెలుసు. నాటకం ప్రకారం ఆ పిల్లాడే అబె నో సెయిమెయ్. 921 నుంచి 1005 దాకా నిజంగా బతికిన మనిషి. నక్షత్రాలు, తారీఖులు, ముహూర్తాలు లెక్కగట్టి బాద్‌షా దర్బార్‌లో పెద్ద హోదాలో ఉన్నాడు. అంత ఇల్మ్ అతనికి నక్క తల్లి నుంచి వచ్చిందని జనం తర్వాత కథ అల్లుకున్నారు.

ఫుప్పూ కార్డు దించింది. "దేఖో, తల్లిది నక్క సాయా అని తెలిసి కూడా వాణ్ణి దర్బార్‌లో కూర్చోబెట్టారు. నా బిడ్డకు ఇంట్లో కూర్చోవడానికి ఒక చాప వేయలేదు" అంది. గొంతులో గుస్సా లేదు. చాయ్ చల్లారిపోతోందని అమ్మీకి గుర్తు చేసి, కప్పు అందుకుంది.

ఆ రోజే ఆమె నా భాంజీకి జవాబు రాసింది. ఎతెగామి గురించి ఆమెకేం తెలీదు. నా మనవడి స్కెచ్ పెన్ తీసుకుని, వణికే చేత్తో ఒక చాయ్ కప్పు గీసింది. కప్పుకు చెవి ఒకవైపు జారిపోయింది. పక్కన ఉర్దూలో 'పీ లే బేటీ' అని రాసింది, తాగమ్మా అని. అది ఒసాకా చేరాక అక్కడి తరగతిలో ముసలమ్మలు చేతులు మార్చుకుంటూ చూశారట. ఇంత మంచి గీత ఎవరిదని అడిగారట.

ఇప్పుడు ఫుప్పూ నవాసీకి రిష్తా నడుస్తోంది. పిల్ల ఫార్మసీ చదివింది. ఈసారి వచ్చినవాళ్ళ మష్షాతా కూడా పాత మాట ఎత్తింది, నానీకి ఏదో ఉండేదట కదా అని. ఇంట్లో వాళ్ళు మాట మార్చబోయారు. ఫుప్పూయే లోపలి గది నుంచి వచ్చి కూర్చుంది. "ఏదో కాదమ్మా, మిర్గీ. ఇన్ని ఏళ్ళు గోలీలు వేసుకున్నాను. ఆ చీటీలన్నీ నా సందూఖ్‌లో ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. దీన్ని దాచి నేను పిల్లను ఇవ్వను. పిల్ల నమాజ్ గురించి అడగండి, చదువు గురించి, మిజాజ్ గురించి అడగండి. మీ అబ్బాయి గురించి మేమూ అవే అడుగుతాం" అంది.

జవాబు ఇంకా రాలేదు. అవును అన్నా కాదు అన్నా ఈ ఇంట్లో ఆ మాటను ఇకమీద ఎవరూ గొంతు తగ్గించి అనరు. మీ మొహల్లాలో కూడా ఏదో ఒక ఇంటి మీద ఇట్లాంటి సాయా పడే ఉంటుంది. ఈసారి ఎవరైనా మీ చెవిలో ఆ మాట ఊదితే, మీరు చూశారా అని ఒక్కసారి అడగండి. అంతే చాలు. ఆ ఇంటి పిల్లలకు దువా చేయండి. మా పిల్లకూ చేయండి.

ఖుదా హాఫిజ్.